ఆ ఒడ్డున మనుషులుంటారు

(ఒడిశాలోని పర్లాకిమిడిలో ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం సాయంత్రం ఒక విశ్రాంత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అమ్మలకు, ముందు వరసల్లో సర్దుకుని కూర్చున్న పిల్లలకు నమస్కారం.

"ఈ ఏడాది చదువుకో, ఉద్యోగానికో ఊరు విడిచి వెళ్తున్న పిల్లలు చాలామంది ఉన్నారు టీచరుగారూ, వాళ్ళకి ధైర్యం వచ్చేలా నాలుగు మాటలు చెప్పండి" అని నిర్వాహకులు అడిగారు. సరే అన్నాను. ఇంటికి వెళ్ళి ఆలోచిస్తే ధైర్యం గురించి నేనేం చెప్పగలను అనిపించింది. కొత్త చోటికి వెళ్ళాలంటే ఈ వయసులో కూడా నాకు ముందురోజు రాత్రి నిద్ర పట్టదు. బ్యాగు రెండుసార్లు సర్దుకుంటాను. టికెట్టు నాలుగుసార్లు చూసుకుంటాను. కానీ నమ్మకం గురించి కొంచెం తెలుసు. ధైర్యం లేకుండానే నమ్మకంతో అడుగు వేయొచ్చు. నా జీవితంలో వేసిన పెద్ద అడుగులన్నీ అలా వేసినవే. కాబట్టి దాని గురించే మాట్లాడతాను.

మీకు ఇప్పుడు అందరూ చెప్పే మాట ఒకటుంది. "నిన్ను నువ్వు నమ్ముకో." స్కూల్లో చెప్తారు, ఫోన్లో వీడియోల్లో చెప్తారు. తప్పని నేననను. కానీ నా అనుభవంలో కొత్త చోటికి వెళ్ళగానే మొట్టమొదట పోయేది మన మీద మనకున్న ఆ నమ్మకమే. ఇక్కడ ఫస్టు క్లాసులో పాసైనవాడు అక్కడ బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియక నిలబడిపోతాడు. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లకి హాస్టల్లో నోరు పెగలదు. అప్పుడు "నన్ను నేను నమ్ముకోవాలి" అని ఎంత అనుకున్నా లోపల పట్టుకోవడానికి ఏమీ దొరకదు. మరి దేన్ని పట్టుకోవాలి? నాకు దొరికింది చెప్తాను.

1981 జులై. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. అప్పటికి గజపతి జిల్లా లేదు. అది 1992 అక్టోబరు 2న వచ్చింది. మనమంతా గంజాం జిల్లా కిందే ఉండేవాళ్ళం. ప్రైమరీ స్కూల్ టీచరుగా నాకు గుమ్మ వైపు కొండల్లో ఒక సవర గిరిజనుల ఊళ్ళో పోస్టింగు వచ్చింది. పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. పొద్దున లేస్తే మహేంద్రగిరి వైపు కొండలు కనిపించేవి గానీ, వాటి మీద ఎవరుంటారో, ఏం తింటారో, ఏం మాట్లాడతారో ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. సంతలో చింతపండు, పసుపు, చీపుళ్ళు తెచ్చి అమ్మేవాళ్ళని చూడటమే. బేరం ఆడటానికి సరిపడా తెలుగు, ఒడియా వాళ్ళకి వచ్చు. వాళ్ళ భాషలో ఒక్క ముక్క మాకు రాదు. అలా రాకపోవడం తప్పని కూడా మాకెప్పుడూ తట్టలేదు.

నాన్నగారు బస్సులో గుమ్మ దాకా వచ్చారు. అక్కడినుంచి నడక. ఆ ఊరి గమాంగ్, అంటే పెద్ద, ఒక కుర్రాడిని పంపారు. నా రేకుపెట్టె వాడు నెత్తిన పెట్టుకున్నాడు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పి, ఇక రాలేనన్నారు. ఏం చెప్పాలో ఆయనకీ తెలియలేదు. చేతిలో ఇరవై రూపాయలు పెట్టి, "వచ్చే ఆదివారం సంతకొస్తావు కదా" అన్నారు. అంతే.

రెండు గంటలు నడిచాక ఒక గెడ్డ వచ్చింది. ముందురోజు వాన పడింది. ఎర్రమట్టి నీళ్ళు, అడుగు కనిపించదు. కుర్రాడు పెట్టెతో చకచకా దిగి దాటేశాడు. వాడికి ఆ గెడ్డ ఇంటి గడప లాంటిది. నేను ఇవతల నిలబడిపోయాను. కాలు ముందుకి పడదు, వెనక్కీ పడదు. చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. ఏడుపు వస్తోంది. ఆ నీళ్ళ కింద రాయి ఉందో, గొయ్యి ఉందో!

అవతలి ఒడ్డున ఒక ముసలమ్మ ఉంది. కట్టెలు కొట్టుకుని వెళ్తోంది. నన్ను చూసింది. కట్టెల మోపు దించింది. చేతిలో కర్రతో తనే గెడ్డలోకి సగం దాకా వచ్చి, కర్ర నీళ్ళలో గుచ్చి చూపించింది. ఇక్కడ రాయి. మళ్ళీ గుచ్చింది. ఇక్కడ రాయి. మూడోచోట గుచ్చి, తల అడ్డంగా ఊపింది. అక్కడ వద్దు. ఏదో చెప్తూనే ఉంది. ఒక్క మాట నాకు అర్థం కాలేదు. కర్ర మాత్రం అర్థమైంది. దిగాను. తొడల దాకా నీళ్ళు. ఆ కర్ర ఎక్కడ గుచ్చితే అక్కడ కాలు పెట్టాను.

పిల్లలూ, ఆ రోజు నన్ను నేను నమ్ముకుని దాటలేదు. గెడ్డనీ నమ్మలేదు. ఆ కర్ర పట్టుకున్న మనిషిని నమ్మాను. మీతో చెప్పాలని వచ్చింది ఈ ఒక్క ముక్క గురించే. దీని చుట్టూనే తిరుగుతాను, కాస్త ఓపిక పట్టండి.

ఇవాళ గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. ఏటా ఈ రోజున మనం ఆయన ఫోటోకి దండ వేసి వాడుక భాష గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాలి కూడా. మనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు, పత్రికలు, పాఠాలు ఉన్నాయంటే అందులో ఆయన పోరాటం చాలా ఉంది. కానీ ఈ ఊరివాళ్ళం మనం ఆయన్ని ఇంకొక విధంగా కూడా గుర్తు పెట్టుకోవాలి. తెలియని చోటికి నడిచివెళ్ళినవాడిగా.

1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. కష్టపడి మెట్రిక్ పాసై, 1880లో మన రాజావారి స్కూల్లో ముప్పై రూపాయల జీతం మీద చరిత్ర చెప్పే మాస్టారుగా చేరారు. అప్పటికి పదిహేడేళ్ళు. ఇప్పుడు ఇక్కడ కూర్చున్న మీ వయసే. ఆ తర్వాత పై చదువులన్నీ ఉద్యోగం చేస్తూ ప్రైవేటుగా చదివినవే. ముఖలింగం గుళ్ళో రాళ్ళ మీద ఉన్న పాత శాసనాలు చదవడానికి ఆ లిపి తనంతట తనే నేర్చుకున్నారు. అదొక పెద్ద కథ, ఇవాళ దాన్ని పక్కన పెడతాను.

ఆయన దృష్టి కొండల మీదికి వెళ్ళింది. ఆ సవరలే, ఆ సంతలే. నేను ఇరవై రెండేళ్ళు చూసి కూడా చూడనిది ఆయన చూశారు. ఈ మనుషులకి చదువు ఎందుకు అందడం లేదు? వాళ్ళ భాషలో చెప్పేవాడు లేడు కాబట్టి. వాళ్ళ భాష ఎవరికి వచ్చు? చదువుకున్నవాళ్ళలో ఎవరికీ రాదు. అయితే నేనే నేర్చుకుంటాను. ఇంత సూటిగా ఆలోచించారు.

చెప్పడానికి తేలిక. ఆ రోజుల్లో అదెంత చీకటో ఒకసారి ఊహించండి. మనం ఇంగ్లీషు నేర్చుకోవాలంటే డిక్షనరీ ఉంది, గ్రామరు ఉంది, చెప్పే మాస్టారు ఉన్నారు. సవరకి లిపి లేదు. వ్యాకరణం లేదు. నిఘంటువు లేదు. పోనీ తెలుగుకి దగ్గరా అంటే కాదు. ఒడియాకీ చుట్టం కాదు. అది ముండా భాషల కుటుంబం. ఎక్కడో జార్ఖండ్ వైపు మాట్లాడే సంతాలీ, ముండారీ దానికి బంధువులు. తెలుగు తెలిసినవాడికి కన్నడం కొంత అందుతుంది, హిందీలో సంస్కృతం మాటలు కొన్ని దొరుకుతాయి. ఇక్కడ అలాంటి ఆసరా ఏమీ లేదు. గెడ్డలో అడుగు కనపడదంటే ఇదే.

ఆయన ఏం చేశారు? తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒకాయనను తీసుకొచ్చి ఇంట్లోనే పెట్టుకుని, ఆయన దగ్గర నేర్చుకున్నారు. ఈ మాట చదివినప్పుడల్లా నేను ఆగిపోతాను. ఆ కాలం బ్రాహ్మణ కుటుంబం. పెద్ద స్కూల్లో మాస్టారు. కొండ భాష తెలిసిన ఒక సామాన్యుడిని ఇంట్లో పెట్టుకుని, ఆయన ముందు శిష్యుడిలా కూర్చోవడం! ఊళ్ళో ఎన్ని మాటలు అనుకుని ఉంటారో! ఆయన చదువు అక్కడ పనికిరాదు. అక్కడ ఆయన ఒకటో తరగతి పిల్లవాడు. అలా కూర్చోవడానికి ఒప్పుకున్నారే, దాన్నే నేను నమ్మకం అంటున్నాను. నాకు తెలియనిది ఎదుటివాడికి తెలుసు, అడిగితే చెప్తాడు అనే నమ్మకం.

తర్వాత అడవుల్లోకి వెళ్ళారు. ఊళ్ళు తిరిగారు. మన్యం జ్వరం పట్టుకుంది. మలేరియా. ఆ రోజుల్లో దానికి క్వినైనే మందు. ఆ క్వినైన్ వల్ల ఆయనకి వినికిడి పోయింది. తర్వాత జీవితమంతా చెవుడుతోనే గడిపారు. చెవితో పట్టుకోవాల్సిన భాష కోసం వెళ్ళి చెవులే పోగొట్టుకున్నారు. అక్కడితో మానేసి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన మానలేదు. సవర భాషలో తెలుగు లిపితో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టి, వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది. అప్పటికి ఆయనకి అరవై ఎనిమిదేళ్ళు. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. డెబ్భై ఐదేళ్ళు. మొదలుపెట్టినప్పుడు ఇదంతా అచ్చవుతుందని ఆయనకి ఎవరు మాటిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు.

ఇక నా సంగతికి వస్తాను. ఊళ్ళోకి వెళ్ళిన మర్నాడు బడి తెరిచాను. పదకొండు మంది పిల్లలు వచ్చారు. పుస్తకాలు ఒడియావి. పిల్లలకి ఒడియా రాదు, నాకు సవర రాదు. మొదటి వారం ఎలా గడిచిందో తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. నేను చెప్పేది వాళ్ళు మర్యాదగా విని, నవ్వి, మధ్యాహ్నానికి మేకల దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళు. రాత్రి గుడిసెలో కిరసనాయిల్ దీపం ముందు కూర్చుని రాజీనామా కాగితం రాశాను. పంపలేదు. పంపాలంటే గెడ్డ దాటాలి కదా. ఇంకా వాన పడుతోంది.

రెండో వారంలో ఒక రోజు కుండ చూపించి, "ఇదేమిటి, మీ మాటల్లో చెప్పండి" అని సైగ చేశాను. కుండలో నీళ్ళున్నాయి. ఒక ఏడేళ్ళ పిల్లవాడు చెప్పాడు. "డా" లాంటి మాట. నేను కూడా అన్నాను. "డా." పిల్లలంతా పకపకా నవ్వారు. మళ్ళీ అన్నాను. మళ్ళీ నవ్వారు. తప్పెక్కడో నాకు తెలియడం లేదు. అప్పుడు ఆ పిల్లవాడు లేచి వచ్చి, తన గొంతు మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా అన్నాడు. నా చెయ్యి పట్టుకుని తన గొంతు మీద పెట్టించి మళ్ళీ అన్నాడు. అప్పుడు తెలిసింది. మాట మధ్యలో గొంతు దగ్గర ఒక్క క్షణం తెగి మళ్ళీ అందుకుంటుంది. డా–ఆ. ఆ తెంపు మన తెలుగు అక్షరాల్లో లేదు. రాయడానికి గుర్తు లేదు. చేతికి మాత్రం తగిలింది. నీళ్ళు! నీళ్ళు అనే మాట ఆ భాషలో నేను నేర్చుకున్న మొదటి మాట.

ఆ రోజునుంచి బడి తీరు మారింది. పొద్దున ఒక గంట వాళ్ళు నాకు పాఠం చెప్పేవాళ్ళు, తర్వాత నేను వాళ్ళకి చెప్పేదాన్ని. టీచరుకి రానిది తమకి వచ్చని తెలిశాక పిల్లల ముఖాల్లో వచ్చిన వెలుగు నేను మర్చిపోలేను. హాజరు పెరిగింది. ఏడాదిన్నరకి ఇరవై తొమ్మిది మంది అయ్యారు. గెడ్డలో కర్ర గుచ్చిన ముసలమ్మ ఆ ఏడేళ్ళ పిల్లవాడి నాయనమ్మ అని తర్వాత తెలిసింది. రాగి అంబలి చేసినప్పుడల్లా ఒక సొరకాయ బుర్రలో నాకు పంపేది.

నాకూ జ్వరం వచ్చింది. మలేరియానే. మూడో రోజుకి ఒంటి మీద తెలివి లేదు. ఆ ఊరివాళ్ళు నులక మంచానికి రెండు వెదుళ్ళు కట్టి, వంతులు మార్చుకుంటూ నన్ను గుమ్మ దాకా మోసుకొచ్చారు. అదే గెడ్డ. ఈసారి నేను చూడనే లేదు. పంతులుగారికి క్వినైన్ తప్ప దిక్కు లేని కాలం. నా నాటికి వేరే మాత్రలు వచ్చాయి. నా చెవులు నాకు మిగిలాయి. ఆ తేడా తలుచుకుంటే ఆయన మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

ఇంతవరకూ విని మీరు అనుకోవచ్చు, ఈ టీచరుగారు అందరినీ నమ్మేయమంటున్నారు అని. కాదు. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి.

మా అమ్మానాన్నల తాతలు, ముత్తాతల కాలంలో ఈ గంజాం, శ్రీకాకుళం పల్లెలనుంచి జనం రంగం వెళ్ళేవాళ్ళు. రంగం అంటే రంగూన్. గోపాల్‌పూర్ రేవులో ఓడ ఎక్కేవాళ్ళు. అక్కడ బియ్యం మిల్లుల్లో, రేవులో మూటలు మోసే పని. మా అమ్మమ్మ భర్త, అంటే మా తాతగారు, పద్దెనిమిదేళ్ళకి అలా వెళ్ళారు. తీసుకెళ్ళింది కూలీలని పోగుచేసే మేస్త్రీ. పక్క ఊరివాడే. ఇంటికొచ్చి అడ్వాన్సు డబ్బు చేతిలో పెట్టి, "మనోడివి, నేను చూసుకుంటాను" అన్నాడట. అక్కడికి వెళ్ళాక తెలిసింది ఆ డబ్బు అప్పు అని, దానికి వడ్డీ ఉందని, జీతం మేస్త్రీ చేతుల మీదుగానే వస్తుందని. మూడేళ్ళు పట్టింది ఆ అప్పు తీరడానికి. "మేస్త్రీని నమ్మి ఓడెక్కాను, నన్ను బతికించింది మాత్రం పక్క చాప మీద పడుకున్నోళ్ళు" అని తాతగారు చెప్పేవారట. అమ్మమ్మ ఈ మాట అచ్చం ఆయన గొంతుతో అనేది.

కర్ర పట్టుకున్న ప్రతి మనిషీ రాయినే చూపిస్తాడని లేదు పిల్లలూ. మరి తేడా ఎలా తెలుస్తుంది? నేను గమనించింది ఒకటుంది. ఆ ముసలమ్మ తనే ముందు నీళ్ళలోకి దిగింది. మేస్త్రీ ఒడ్డున నిలబడి మా తాతని దిగమన్నాడు. మీరు పనికి వెళ్తున్నా, చదువుకి వెళ్తున్నా, మిమ్మల్ని పంపే ఏజెంటుని కాకుండా, అక్కడికి వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళని అడగండి. జీతం ఎవరి చేతికొస్తుంది, ఎక్కడ పడుకోవాలి, ఆధార్ కార్డు, సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉంటాయి, నచ్చకపోతే రేపు బయల్దేరి రావచ్చా? ఈ నాలుగూ అడగండి. అడిగితే కోపం వచ్చేవాడితో వెళ్ళకండి. నమ్మకానికి కళ్ళు ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి, జిరాక్సులు ఇవ్వండి. ఆడపిల్లలు వెళ్ళే చోటు అడ్రసు ఇంట్లో ఇద్దరి దగ్గరైనా రాసి పెట్టండి. ఇవన్నీ చిన్న విషయాలుగా కనిపిస్తాయి. నా దగ్గర చదివిన పిల్లలు కొందరు ఈ చిన్న విషయాల దగ్గరే దెబ్బతిన్నారు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

తాతగారి కథ ఇంకా ఉంది. 1941 డిసెంబరులో జపాన్‌వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. 1942 మార్చికి ఊరు వాళ్ళ చేతిలోకి వెళ్ళిపోయింది. ఓడల్లో చోటు లేదు. లక్షల మంది మనవాళ్ళు కాలినడకన కొండలు దాటి వచ్చారు. కొందరు అరకాన్ వైపు, కొందరు మణిపూర్ వైపు. కలరాతో, ఆకలితో దారిలోనే పోయినవాళ్ళు ఎందరో. మా తాతగారితో బయల్దేరినవాళ్ళలో ఆయన తమ్ముడు కూడా ఉన్నాడు. తమ్ముడు రాలేదు.

ఆ నడక గురించి తాతగారు ఒక్క సంగతే చెప్పేవారట. ఒక కొండ మీద నీళ్ళు లేక పడిపోతే, ఎవరో కొండామె వెదురు గొట్టంలో నీళ్ళు తెచ్చి నోట్లో పోసింది. ఏ ఊరో తెలియదు. ఏ భాషో తెలియదు. ఆమె ఏదో అంది. "ఏటందో గానీ, తాగమనే అనుంటాది" అనేవారట. నేను సవర ఊరికి వెళ్ళేముందు రోజు రాత్రి అమ్మమ్మ నాకు ఈ కథే చెప్పింది. భయపడొద్దని చెప్పలేదు. దేవుడు చూసుకుంటాడని కూడా అనలేదు, ఆమె రోజూ పూజ చేసే మనిషే. ఆ నీళ్ళ సంగతి చెప్పి, తలకి నూనె రాసి పడుకోబెట్టింది.

దేవుడి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. నేను దైవభక్తి ఉన్న మనిషిని. ఈ సభలో గుడికి వెళ్ళేవాళ్ళు, చర్చికి వెళ్ళేవాళ్ళు, మసీదుకి వెళ్ళేవాళ్ళు అందరూ ఉన్నారు. బయల్దేరేముందు దణ్ణం పెట్టుకోవడం, ప్రార్థన చేసుకోవడం నాకు ప్రాణం. కానీ "ఏమీ కాదు" అని దేవుడి దగ్గర హామీ పుచ్చుకుని బయల్దేరాలంటే ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మన కొండల్లో ఎంత వాన కురిసిందో మీకు గుర్తుండే ఉంటుంది. బరాఘర దగ్గర వానకి భయపడి గుహలో తలదాచుకున్నవాళ్ళ మీద కొండచరియ విరిగిపడింది. వాళ్ళు భద్రంగా ఉంటామనుకుని వెళ్ళిన చోటే అది. అది నేను పనిచేసిన ఊరు కాదు, కానీ అలాంటి కొండే, అలాంటి మనుషులే. వాళ్ళ నమ్మకం తక్కువని అనగలమా? నేను అనలేను. ఆ వార్త విన్న రాత్రి నాకు దేవుడి మీద కోపం వచ్చింది. మర్నాడు పొద్దున బియ్యం, దుప్పట్లు పోగుచేయడానికి వీధిలోకి వచ్చేసరికి నాకంటే ముందే నలుగురు నిలబడి ఉన్నారు. ఆ కోపం పూర్తిగా పోలేదు. కానీ ఆ నలుగురితో కలిసి నడిచాను.

ఇంకొక రకం తెలియని చోటు ఉంది. మనం కదలకపోయినా అదే మన దగ్గరికి వస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. ముందురోజు రాత్రి మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకున్న ఈ ఊరు తెల్లారేసరికి వేరే రాష్ట్రంలో లేచింది. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపకూడదని గిడుగువారు గట్టిగా వాదించారు. కలిపారు. ఆయన మనసు విరిగి, యాభై ఆరేళ్ళ కిందట పదిహేడేళ్ళ కుర్రాడిగా వచ్చిన ఈ ఊరిని వదిలి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. డెబ్భై రెండేళ్ళ వయసులో మళ్ళీ కొత్త ఊరు. 1940 జనవరిలో పోయారు. ఇల్లు సర్దుకుని ఆయన బయల్దేరిన ఆ ఉదయం గురించి ఆలోచిస్తే నాకు దుఃఖం వస్తుంది.

మా వాళ్ళు ఉండిపోయారు. మీ వాళ్ళూ ఉండిపోయారు కాబట్టే మనం ఇవాళ ఇక్కడ ఉన్నాం. ఉండిపోవడం కూడా తెలియనిదాంట్లోకి అడుగు వేయడమే. ఆఫీసులో కాగితాల భాష మారింది, బడి భాష మారింది. పక్కింటి ఒడియావాళ్ళని అడిగి అర్జీలు రాయించుకున్నారు. వాళ్ళింట్లో పెళ్ళికి మనవాళ్ళు వంట చేశారు, మనింట్లో నొప్పులొస్తే వాళ్ళ దాయి అర్ధరాత్రి పరుగెత్తుకుని వచ్చింది. మా అమ్మకి ఒడియా చదవడం నేర్పింది పక్కింటావిడే. మన భాష ఇక్కడ బలంగా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. తెలుగు బడులు తగ్గిపోతుంటే బాధపడతాను, అధికారులకి అర్జీలు పెడుతూనే ఉంటాను. ఆ బాధలో పక్కింటివాళ్ళని పరాయివాళ్ళుగా చూడటం మాత్రం నాకు చేతకాదు.

అదే 1936లో కొండ మీద ఇంకో సంగతి జరిగింది. మంగేయి గొమాంగో అనే సవర పెద్దమనిషి తన భాషకి సొంతంగా ఒక లిపి తయారుచేశారు. సొరంగ్ సొంపెంగ్ అంటారు. కింద మనం ఏ రాష్ట్రం, ఏ భాష అని తలపట్టుకున్న ఏడాదే, లిపి లేదని అందరూ అనే భాషకి దాని మనుషులే అక్షరాలు పెట్టుకున్నారు. నా దగ్గర చదివిన పిల్లల్లో ఒకమ్మాయి తర్వాత నాకు ఆ అక్షరాల్లో తన పేరు రాసి చూపించింది. నేను చదవలేకపోయాను. "నేర్పనా మేడమ్?" అంది. యాభై ఏళ్ళ వయసులో మళ్ళీ పలక పట్టాను.

చివరగా రేపటి సంగతి. ముందు వరసలో నీలం చున్నీ వేసుకున్న అమ్మాయి రేపు పొద్దున బండికి విశాఖ వెళ్తోంది. నర్సింగ్ కోర్సు. ఒకప్పుడు ఇక్కడినుంచి నౌపడాకి చిన్న రైలు నడిచేదని పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. 1900లో మొదలైన ఆ రైలు ఎక్కి గుణుపురం నుంచి వచ్చే పిల్లలు కిటికీలోంచి చెట్ల కొమ్మలు అందుకునేవాళ్ళు. ఇప్పుడు పెద్ద బండి వచ్చింది, తిన్నగా విశాఖ వెళ్తుంది. ఈ అమ్మాయి ఇంతవరకు ఒంటరిగా ఏ ఊరూ వెళ్ళలేదు. నిన్న మా ఇంటికొచ్చి, "టెన్షన్‌గా ఉంది టీచర్, అక్కడ నా తెలుగు విని నవ్వుతారేమో" అంది. నవ్వొచ్చమ్మా. నా "డా" విని పదకొండు మంది నవ్వారు. నవ్వినవాళ్ళలో ఒకడు లేచి వచ్చాడు.

విశాఖ స్టేషన్లో దిగాక ఎవరి కోసం చూడాలో చెప్పాను కదా. ఆ గొంతు మీద చెయ్యి పెట్టించిన పిల్లవాడు ఇప్పుడు అక్కడే ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. యాభై దాటాయి, జుట్టు నెరిసింది. వాడి భార్య కూడా నీతోపాటు హాస్టల్ దాకా వస్తానంది. వాళ్ళ నంబరు నీ పుస్తకం అట్ట లోపల కూడా రాశాను, ఫోను పోయినా ఉంటుందని. నేను పొద్దున స్టేషన్‌కి వస్తాను. అంబలి తెమ్మన్నాడు వాడు, ఒక సీసా నీ చేతికిస్తాను. దారిలో మూత గట్టిగా ఉందో లేదో చూసుకో తల్లీ.

నమస్కారం.